వరంగల్‌లో ఉంటూ స్కూబా ఎమర్జెన్సీలకు సిద్ధం కావడం ఎలా?

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల నుంచి నన్ను అడిగేవాళ్లందరి ప్రశ్న ఒకటే. "అండమాన్ వెళ్లి ఓపెన్ వాటర్ కోర్సు చేశాం, కార్డు వచ్చింది. మళ్లీ సముద్రం చూసేది వచ్చే సంక్రాంతి సెలవుల్లోనే. నీళ్ల కింద ఏమైనా జరిగితే చేయాల్సినవి అప్పటిదాకా గుర్తుంటాయా? ఇక్కడ ప్రాక్టీస్ చేసుకునే దారి ఏదైనా ఉందా?"

ఉంది. సగం పని ఇంట్లో, పావు వంతు ఈత కొలనులో అవుతుంది. మిగిలిన పావు మాత్రం ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేకుండా ముట్టుకోకూడదు. ఇది ఓపెన్ వాటర్ కోర్సు, అంటే స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల కింద ఈదడం) మొదటి కోర్సు పూర్తిచేసిన వాళ్ల కోసం రాస్తున్నది. టూర్‌లో అరగంట సేపు ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని తిప్పి తెచ్చిన వాళ్లు ముందు ఓపెన్ వాటర్ కోర్సు చేయండి.

నా సంగతి చెబితే ఎందుకింత పట్టుబడుతున్నానో తెలుస్తుంది. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) దగ్గర 14 మీటర్ల లోతులో, ముందు ఈదుతున్నతని కాలికున్న ఫిన్ తగిలి నా నోట్లోంచి రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ఊడిపోయింది. కోర్సులో నాలుగు సార్లు చేసిన పనే. కానీ కోర్సు అయ్యి అప్పటికి పద్నాలుగు నెలలు. నా కుడి చెయ్యి ఛాతీ మీద వెతుకుతూనే ఉంది. రెగ్యులేటరేమో భుజం వెనక్కి వెళ్లిపోయింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. ఊపిరి బిగబట్టాను. ఇన్‌స్ట్రక్టర్ తన పసుపు రంగు ఆక్టోపస్ (అదనపు రెగ్యులేటర్) నా నోటికి అందించేదాకా అలాగే ఉన్నాను.

మనలో చాలామంది ఈత నేర్చుకున్నది వ్యవసాయ బావుల్లో. నడుముకు బెండు కట్టుకునో, లారీ ట్యూబు వేసుకునో దిగినవాళ్లం. ఎవరు ఎక్కువసేపు మునుగుతారో చూద్దామని పందేలు వేసుకున్నవాళ్లం. బావిలో ఊపిరి బిగబట్టినవాడే మొనగాడు. స్కూబాలో ప్రాణం తీసేది ఆ అలవాటే. కాబట్టి మీరు నేర్చుకోవాల్సినవి రెండే. ఊపిరి ఆగకూడదు, చెయ్యి సరైన చోటికి పోవాలి. కింద రాసిన మెట్లన్నీ ఈ రెండింటి కోసమే.

థియరీ ఇంత చాలు: పది మీటర్ల లోతులో పీడనం పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి ఒకటి, ఒకటిన్నర మీటరు పైకి తేలినా ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. అందుకే నోట్లో రెగ్యులేటర్ లేనప్పుడల్లా సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి.

కావలసినవి

మీ సొంత మాస్క్, స్నార్కెల్ (నీళ్ల పైనుంచి ఊపిరి పీల్చుకునే గొట్టం). అద్దెవి వద్దు, మీ ముఖానికి సరిపోయినవే కావాలి. ఫిన్స్ ఉంటే మంచిది. పాత కాలేజీ బ్యాగు ఒకటి, మొక్కలకు నీళ్లు పట్టే గ్రీన్ పైపు ముక్క ఒక మీటరు, పాత స్నార్కెల్ మౌత్‌పీస్. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు. ఫోన్‌లో స్టాప్‌వాచ్. వీటన్నిటికంటే ముఖ్యం తోడుగా ఇంకొక మనిషి.

కొనకూడనిది సిలిండర్. స్కూబా సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, వడగట్టి నొక్కి నింపిన మామూలు గాలి. దాన్ని ఊపిరి గాలి కోసమే తయారైన కంప్రెసర్‌తో నింపాలి. వెల్డింగ్ గ్యాస్ అమ్మే చోటో, టైర్లకు గాలి కొట్టే చోటో నింపించుకుందామని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. ఆ గాలిలో నూనె ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఉంటే లోతులో అవి ఇంకా ఎక్కువ విషమవుతాయి. దయచేసి ఆ పని చేయకండి.

మెట్టు 1: టబ్బులో ముఖం (ఇంట్లో, రోజుకు పది నిమిషాలు)

టబ్బు నిండా నీళ్లు పట్టండి. మాస్క్ లేకుండా స్నార్కెల్ నోట్లో పెట్టుకుని ముఖం ముంచండి. ముక్కు నీళ్లలో ఉండాలి, ఊపిరి నోటితోనే నడవాలి. మొదటి రోజు పది సెకన్లకే ముక్కులోకి నీళ్లు ఎక్కి తల ఎత్తేస్తారు. కంగారు అక్కర్లేదు, అందరికీ అంతే. మాస్క్ ఊడినప్పుడు మనిషిని పైకి పరుగెత్తించేది ఈ ముక్కు భయమే.

కిటుకు ఏమిటంటే పీల్చడం నెమ్మదిగా, వదలడం అంతకు రెట్టింపు పొడవుగా. మనసులో పీల్చేటప్పుడు మూడు, వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టండి. ముక్కులో నీళ్లు కదిలినట్టనిపిస్తే ముక్కు ద్వారా కొద్దిగా ఊది మళ్లీ నోటికి రండి.

ఎలా చూసుకోవాలి: కళ్లు మూసుకుని ఒక నిమిషం, తెరిచి ఒక నిమిషం, ఊపిరి లెక్క తప్పకుండా చేయగలిగితే ఈ మెట్టు అయినట్టే. ఒక రోజు కాదు, వరసగా మూడు రోజులు.

మెట్టు 2: బ్యాగుతో రెగ్యులేటర్ వెతకడం

నాకు జరిగినది మీకు జరగకుండా చూసే మెట్టు ఇది. పాత బ్యాగులో రెండు పుస్తకాలు వేసి వీపుకు తగిలించుకోండి. గ్రీన్ పైపు ఒక కొసను బ్యాగు పై అంచు మధ్యలో గట్టిగా కట్టండి. సిలిండర్ వాల్వ్ ఉండే చోటది. రెండో కొసకు మౌత్‌పీస్ బిగించి, కుడి భుజం మీదుగా ముందుకు తెండి. నోట్లో పెట్టుకోండి. ఇప్పుడు కళ్లు మూసుకోండి. తోడున్న మనిషి దాన్ని లాగి వెనక్కి ఎక్కడో ఒకచోట పడేయాలి.

మొదటి పద్ధతి: కుడి పక్కకు కాస్త వంగండి. కుడి చెయ్యి తొడను తాకాలి. అక్కణ్నుంచి చెయ్యిని వెనక్కి, బ్యాగును రాసుకుంటూ, పెద్ద చుట్టుగా ముందుకు తిప్పండి. పైపు మోచేతి మడతలో పడుతుంది. పైపు వెంబడి వెళ్తే మౌత్‌పీస్ దొరుకుతుంది.

రెండో పద్ధతి: చుట్టు తిప్పినా దొరక్కపోతే ఎడమ చేత్తో సిలిండర్ అడుగును పైకి ఎత్తి, కుడి చేతిని భుజం మీదుగా వెనక్కి పెట్టి వాల్వ్ తాకండి. అక్కడ మొదలయ్యే పైపును పట్టుకుని ముందుకు రండి. ఇది కొంచెం ఆలస్యమైనా దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది.

మూడోది అందరూ మరిచిపోయేది: మీ ఆక్టోపస్ మీ ఛాతీ మీదే ఉంది. అది తీసి నోట్లో పెట్టుకుని, తర్వాత తీరిగ్గా మొదటిది వెతుక్కోవచ్చు.

సాధారణంగా జరిగే తప్పు: చెయ్యి తొడను తాకకుండా గాల్లోనే తిప్పడం. అప్పుడు పైపు చేతి పైనుంచి జారిపోతుంది. ఇంకో తప్పు వెతుకుతూ నోరు మూసుకోవడం. అందుకే ఇంట్లో కూడా వెతికినంతసేపు "ఊ..." అని సన్నగా శబ్దం చేస్తూ ఉండండి. శబ్దం ఆగిందంటే ఊపిరి బిగబట్టారన్నమాట. తోడున్న మనిషి చేయాల్సిన పని చెవి పెట్టి వినడమే. దొరికాక గట్టిగా ఒకసారి ఊది నీళ్లు బయటికి పంపిన తర్వాతే, జాగ్రత్తగా కొద్దిగా పీల్చాలి. ఊదడానికి గాలి మిగల్లేదా, రెగ్యులేటర్ మీది పర్జ్ బటన్ (సిలిండర్ గాలితో నీళ్లను బయటికి నెట్టేది) నొక్కాలి.

పదికి పది సార్లు, ప్రతిసారీ పది సెకన్లలోపు, శబ్దం ఆగకుండా దొరకాలి. తొమ్మిది సార్లు దొరికితే మళ్లీ మొదటి నుంచి.

రామగుండంలో సింగరేణి మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది. గనిలో పొగ లేని రోజుల్లో కూడా రెస్క్యూ బృందాలు ఊపిరి పరికరం తగిలించుకుని ప్రాక్టీస్ చేస్తూనే ఉంటాయి. మన దగ్గర ఇలాంటి పనికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

మెట్టు 3: "గాలి అయిపోయింది" (ఇంట్లో ఇద్దరు)

ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ల మీద కూర్చోండి. ఒకరు అరచేతిని గొంతు మీద అడ్డంగా కోసినట్టు చూపాలి. గాలి లేదని దానర్థం. పిడికిలి ఛాతీకి ఆనిస్తే గాలి తక్కువగా ఉందని. రెండూ వేరు, కలపకండి.

రెండోవారు ఆక్టోపస్ అందించాలి, లేదా ఎదుటివారే తీసుకోవాలి. కోర్సులో మీకు నేర్పిన పద్ధతి ఏదైతే అదే చేయండి, కొత్త బడ్డీతో (డైవ్‌లో జంటగా ఉండే మనిషితో) దిగే ముందు మాత్రం ఇద్దరిదీ ఒకటే పద్ధతా అని అడగండి. ఆ తర్వాత ఒకరి కుడి ముంజేతిని ఒకరు గట్టిగా పట్టుకోండి. కళ్లలోకి చూసుకుంటూ రెండు మూడు పూర్తి శ్వాసలు తీయండి. అప్పుడే పైకి సైగ. ఎడమ చేత్తో బీసీడీ (గాలి నింపితే మనిషిని తేల్చే జాకెట్) ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని పైకెత్తి అందులో ఉబ్బే గాలిని వదులుతూ, నిమిషానికి తొమ్మిది పది మీటర్లకు మించకుండా ఎక్కాలి. గాలి సరిపోతే 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. సరిపోదనిపిస్తే ఆగకండి. ఆ స్టాప్ జాగ్రత్త కోసమే తప్ప గాలి అయిపోయేదాకా ఆగడం కోసం కాదు.

చాలామంది ఆక్టోపస్‌ను తలకిందులుగా అందిస్తారు. బుడగలు పోయే భాగం పైకి ఉంటే మొదటి గుక్కలోనే నీళ్లు వస్తాయి. గాలి లేక భయపడుతున్న మనిషికి ఆ గుక్క చాలు, దాన్ని ఉమ్మేసి పైకి పరుగెత్తడానికి. పైపు ఏ వైపు నుంచి వస్తోందో చూసి అందించడం ఇరవై సార్లు చేయండి.

ఇంకొకటి. పైకి చేరాక బీసీడీ బటన్ నొక్కితే ఉబ్బదు, సిలిండర్ ఖాళీ కదా. బటన్ నొక్కుతూ, నొక్కుతూ మళ్లీ మునిగిపోతారు. పైకి రాగానే నోటితో ఊదడం, చాలకపోతే మునగడానికి కట్టుకున్న వెయిట్లు వదిలేయడం. ఈ రెండూ నోటితో బయటికి చెప్పుకుంటూ చేయండి: "ఊదు, వదులు." వెయిట్ బెల్ట్ ఖరీదు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకండి.

మెట్టు 4: ఈత కొలనులో

ముందు చోటు గురించి. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్, పాకాల, లక్నవరం, ఏ చెరువూ వద్దు. అడుగు కనిపించదు, బురద, నాచు, వలల ముక్కలు ఉంటాయి. కరీంనగర్ వైపు గ్రానైట్ తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు తేటగా కనిపిస్తాయి, లోతు అంచులోనే ఒక్కసారిగా మొదలవుతుంది, ఎక్కడానికి పట్టు ఉండదు. అక్కడికి అసలు వద్దు. లైఫ్‌గార్డ్ ఉన్న కొలను, నిలబడితే నీళ్లు ఛాతీ దాటని వైపు. అంతే.

దిగే ముందు లైఫ్‌గార్డ్‌కు ఏం చేయబోతున్నారో చెప్పండి. ఒకసారి నేను చెప్పకుండా, స్పృహ లేని మనిషిలా నీళ్లపై బోర్లా తేలుతూ ఉంటే ఆయన బట్టలతోనే దూకేశాడు. గట్టుకు వచ్చాక నెమ్మదిగా అన్నాడు: "అన్నా, ముందుగాల చెప్పున్రి. రేపు నిజంగ మునిగినా ప్రాక్టీసే అనుకుంట." ఆ మాట నేను మరిచిపోలేదు.

అ) మాస్క్‌లోకి నీళ్లు నింపుకుని ఖాళీ చేయడం. పై అంచును నుదుటికి నొక్కి, చూపు పైకెత్తి, ముక్కుతో నెమ్మదిగా పొడవుగా ఊదాలి. గట్టిగా ఒక్కసారి ఊదితే గాలి పక్కల నుంచి పోతుంది, నీళ్లు అలాగే ఉంటాయి. రెండు ఊపిరుల్లో ఖాళీ కావాలి.

ఆ) బుడగలతో ఈత. ఒక మామూలు ఊపిరి తీసుకుని, తల ముంచి, "ఆ..." అంటూ బుడగలు వదులుతూ అడ్డంగా 9 మీటర్లు ఈదాలి. సిలిండర్ గాలి పూర్తిగా పోయి, బడ్డీ అందనంత దూరంలో ఉన్నప్పుడు పైకి వచ్చే పద్ధతికి ఇది పునాది. నిజంగా పైకి వచ్చేటప్పుడు గాలి ఉబ్బుతూ ఉంటుంది కాబట్టి ఊపిరి అనుకున్నదానికంటే ఎక్కువసేపు వస్తుంది. కొలనులో అడ్డంగా ఈదితే ఆ సాయం ఉండదు, కష్టంగానే ఉంటుంది. ఐదు మీటర్లకే ఆగిపోయినా తప్పు లేదు, నిలబడండి.

హెచ్చరిక: దిగే ముందు గబగబా నాలుగైదు సార్లు ఊపిరి తీయకండి. అలా చేస్తే ఊపిరాడని సంకేతం మెదడుకు అందకముందే స్పృహ పోతుంది. రెండు ప్రయత్నాల మధ్య రెండు నిమిషాలైనా ఆగండి. ఒకరు నీళ్లలో ఉంటే ఇంకొకరు చూస్తూనే ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. నిజంగా నిలువుగా పైకి వచ్చే ప్రాక్టీస్ మాత్రం ఇన్‌స్ట్రక్టర్ దగ్గరే.

ఇ) పిక్క పట్టేయడం. ఫిన్ కొసను పట్టుకుని మీ వైపు లాగి కాలు చాపండి. ఇద్దరైతే ఒకరి కాలు ఒకరు. చిన్న పనే కానీ సముద్రంలో నిజంగా తరచూ అవసరపడేది ఇదే.

ఈ) వరసగా 200 మీటర్లు ఈత, పది నిమిషాలు తేలడం. ఓపెన్ వాటర్ కోర్సులో మీరు చేసినవే. ఇప్పుడు చేయలేకపోతున్నారంటే ట్రిప్ టికెట్లు తర్వాత కొనండి.

మెట్టు 5: భయపడిన మనిషి దగ్గరికి

మాస్క్ నుదుటి మీదికి తోసేసి, కళ్లు పెద్దవి చేసి, నీళ్లను చేతులతో కిందికి కొడుతున్న మనిషి మీ మాట వినే స్థితిలో లేడు. దగ్గరికి నేరుగా వెళ్లకండి. దూరం నుంచి గట్టిగా, పేరు పెట్టి పిలుస్తూ "బీసీడీలో గాలి నింపు, వెయిట్లు వదులు" అని చెప్పండి. తేలేది ఏదైనా ఉంటే విసరండి. వెళ్లక తప్పకపోతే వెనక నుంచి వెళ్లి సిలిండర్ వాల్వ్ పట్టుకుని, మోకాళ్లతో సిలిండర్‌ను ఒడిసిపట్టి, అతని బీసీడీ ఉబ్బించండి.

అతను మిమ్మల్ని పట్టేసుకుంటే రెగ్యులేటర్ నోట్లో ఉంచుకుని కిందికి దిగండి. పైకి తేలాలనుకునే మనిషి మునిగేదాన్ని వదిలేస్తాడు. దీన్ని కొలనులో తెలిసిన మనిషితో, ముందే ఒక సైగ అనుకుని చేయండి. భుజం రెండు సార్లు తడితే వెంటనే వదలాలి.

మెట్టు 6: సీపీఆర్

ఇది మాత్రం పుస్తకం చదివి రాదు, బొమ్మ మీద చేతులతో నేర్చుకోవాలి. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఇస్తాయి. గుర్తుంచుకోవాల్సింది: నీళ్లలో మునిగి ఊపిరి ఆగినవారికి ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి, ఆ తర్వాత ఛాతీ నొక్కడం. 30 నొక్కులకు 2 ఊపిరులు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవారికి 5 సెంటీమీటర్ల పైన, 6 దాటకుండా. మన ఊళ్లలో ఇప్పటికీ మునిగిన మనిషిని తలకిందులు చేసి తిప్పుతారు, కడుపు నొక్కి నీళ్లు కక్కిస్తారు. దానితో విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఎంత పెద్దవాళ్లు చెప్పినా చేయనివ్వకండి. ఒకరు సీపీఆర్ మొదలుపెట్టగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

మెట్టు 7: ఇన్‌స్ట్రక్టర్ దగ్గర

రెగ్యులేటర్ ఆగకుండా గాలి వదిలేయడం, ఇన్‌ఫ్లేటర్ ఇరుక్కుపోయి బీసీడీ దానంతట అదే ఉబ్బడం, లోతు నుంచి స్పృహ లేని మనిషిని తేవడం. వీటిని ఇంట్లో చేయడానికి వీల్లేదు. ట్రిప్‌లో మొదటి డైవ్‌కు బదులు రిఫ్రెషర్ (నేర్చుకున్నవి మళ్లీ చేయించే క్లాసు) అడగండి. డబ్బు దండగ అనుకోకండి.

ఆ పైన రెస్క్యూ డైవర్ కోర్సు ఉంది. డైవింగ్ కోర్సులు నడిపే పాడీ సంస్థలో దానికి ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ శిక్షణ గత 24 నెలల్లో తీసుకుని ఉండాలి. ఎస్‌ఎస్‌ఐ అనే ఇంకో సంస్థలో ఇలాంటి కోర్సు పేరు డైవర్ స్ట్రెస్ అండ్ రెస్క్యూ. సరదాగా డైవ్ చేసేవారికి ఇంతకంటే ఉపయోగపడే కోర్సు లేదని నా అభిప్రాయం. లోతుకు వెళ్లే కోర్సుల కంటే ముందు దీన్ని చూడండి.

మెట్టు 8: డైవ్ రోజు, తిరుగు ప్రయాణం

పడవ మీద గేజ్ (సిలిండర్‌లో గాలి పీడనం బార్‌లలో చూపేది) చూస్తూ రెగ్యులేటర్‌తో నాలుగు ఊపిరులు తీయండి. ముల్లు 200 బార్ దగ్గర కదలకుండా నిలబడాలి. పీల్చిన ప్రతిసారీ ముల్లు కిందికి ఒరిగి మళ్లీ లేస్తోందంటే వాల్వ్ పూర్తిగా తెరవలేదు. పైన బాగానే ఊపిరి వస్తుంది, లోతుకు పోయాక రాదు. "అన్నీ నేను చూశా సార్" అని పడవ కుర్రాడు చెప్పినా మీ కళ్లతో చూడండి. 50 బార్‌తో పడవ దగ్గర ఉండేలా లెక్క వేసుకోండి. బడ్డీ కనిపించకపోతే ఒక్క నిమిషం చుట్టూ వెతికి, నెమ్మదిగా పైకి వచ్చేయండి.

దిగే ముందు డైవ్ సెంటర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: పడవలో ఆక్సిజన్ ఉందా? దగ్గరలో రీకంప్రెషన్ ఛాంబర్ (డైవింగ్ వల్ల వచ్చే జబ్బుకు పీడనంలో ఉంచి వైద్యం చేసే గది) ఎక్కడ? తడబడితే ఇంకో సెంటర్ చూసుకోండి.

డైవ్ తర్వాత కీళ్ల నొప్పి, తిమ్మిరి, తల తిరగడం, ఎప్పుడూ లేనంత అలసట ఉంటే "ప్రయాణం బడలికే" అని సర్దుకోకండి. వెల్లకిలా పడుకోబెట్టి వంద శాతం ఆక్సిజన్ ఇవ్వాలి, వెంటనే డైవింగ్ తెలిసిన డాక్టర్‌తో మాట్లాడాలి. మళ్లీ నీళ్లలోకి దింపి సరిచేయాలని చూడకూడదు.

ఒక డైవ్ చేస్తే 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. నేను 24 పాటిస్తాను. విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ వస్తే ఈ గొడవ లేదు. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవిలో డైవ్ చేసి బస్సులో వచ్చేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించండి. హుబ్బళ్లి వైపు రావాలంటే పడమటి కనుమలు ఎక్కాలి, దారి సముద్ర మట్టానికి 600 మీటర్లు దాటుతుంది, ఎత్తుకు పోవడం విమానం ఎక్కడం లాంటిదే. మధ్యాహ్నం డైవ్ చేసి ఆ సాయంత్రమే బస్సు ఎక్కకండి. రాత్రి అక్కడే పడుకుని మర్నాడు సాయంత్రం బయల్దేరేలా టికెట్ చేయించుకోండి.